నాయనమ్మ తమలపాకు తీగ

నిన్న పెద్ద అంబర్‌పేట్ నర్సరీలో తమలపాకు తీగ కనిపించింది. ఆకు వాసన చూడగానే ఇబ్రహీంపట్నంలో మా పాత ఇంటి జాలారి గోడ గుర్తొచ్చింది. మీ ఇళ్లలోనూ జాలారిలో, స్నానాల నీళ్లు పారేచోట, ఈ తీగ ఉండేది కదా?

మా ఇంట్లో బడికి వెళ్లిన మొదటిదాన్ని నేనే. మొక్కకు ఎండ కావాలని ఐదో తరగతిలో చదివి, నాయనమ్మ ఊరెళ్లినప్పుడు ఆమె ప్రాణంగా పెంచుకున్న తీగ కుండీని జాలారి నీడలోంచి వాకిట్లోకి ఈడ్చాను. ఆమె వచ్చేసరికి ఆకులన్నీ మాడిపోయాయి. నేను ఏడుస్తుంటే కుండీని మళ్లీ నీడకు చేర్చి, తడి గోనెసంచి చుట్టింది.

"పుస్తకంల తప్పు రాసిండ్రా?" అని అడిగాను.

"పుస్తకం మంచిదే బిడ్డా. గీ తీగెనే బడికి పోలే."

కొన్నాళ్లకు కణుపు దగ్గర చిగురు వచ్చింది. ముందు నన్నే పిలిచి చూపించింది.

నిన్న కొన్న తీగను స్నానాల గది కిటికీ కింద పెట్టి, నాయనమ్మకు ఫోన్ చేసి చెప్పాను.

"ఎండల పెట్టలేదు గదా?" అంది నవ్వుతూ.