మా అక్క పేరు మీద వచ్చిన ఉత్తరాలు

నా చిన్నప్పుడు, ఎనిమిదేళ్లు నిండేదాకా, ఆ పేరు నాది కాదు బిడ్డా. మొన్న నువ్వు షోలాపూర్ నుంచి ఫోను చేసి, రైలు టికెట్టు కోసం నేను పంపిన ఆధార్ కార్డు చూసి, "అవ్వా, గీ పేరెవ్వల్ది? ఊళ్లె అందరు నిన్ను వేరే పేరుతోని పిలుస్తరు గదా. సర్కారోళ్లు తప్పు కొట్టిన్రా?" అని నవ్వావు. సర్కారు తప్పేమీ లేదు. తెలంగాణ వచ్చాక ఇచ్చిన పింఛను కార్డు మీద, ఓటరు చీటీ మీద, నా పదో తరగతి సర్టిఫికెట్ మీద, అన్నిటి మీదా అదే పేరు. అది మా అక్కది. మీ చెల్లె ఫోను గుంజుకుంటుంటే చెప్పలేకపోయాను. అందుకే రాస్తున్నాను. తీరిక దొరికినప్పుడు మీరిద్దరూ కూర్చొని చదవండి.

మాది నార్కట్‌పల్లికి అవతల మగ్గాల ఊరు. మా బాపు గుంతలో కాళ్లు పెట్టుకొని మగ్గం నేసేవాడు. అమ్మ పడుగు దారాలు సాగదీసి ఆసు పోసేది. అక్కా నేనూ రాట్నం మీద కండెలు చుట్టేవాళ్లం. అక్క నాకంటే ఏడాదిన్నర పెద్ద. ఆమెకు ఏడేళ్లప్పుడు నల్గొండలో క్రైస్తవుల హాస్టల్లో చోటు దొరికింది. అక్కడ ఒక్కో పిల్లను సముద్రాల అవతల ఉన్న ఎవరో ఒకరు సాకేవారు. తిండి, బట్ట, చదువు అన్నీ వాళ్లు పంపినదాంట్లోనే జరిగేవి. అట్లా సాకే ఆమెను పిల్లలు "మా దొరసాని" అనేవారు. మా అక్కకూ ఒక దొరసాని ఉండేది. ఏడాదికి మూడు నాలుగు ఉత్తరాలు రాసేది. ఇంటికి ఒక్క పిల్లకే అని అక్కడి రూలు. అందుకని అక్క చదువుకుంటుంటే నేను ఊరి బడిలో నాలుగక్షరాలు దిద్దుకుంటూ, కండెలు చుడుతూ ఉండేదాన్ని. నన్ను మరిచిపోయి హాయిగా ఉందని లోపల కొంచెం కోపం కూడా ఉండేది.

అక్క రెండో ఏడు వేసవి సెలవులకు వచ్చినప్పుడు ఊళ్లో పిల్లలకు తట్టు పోసింది. మా ఇద్దరికీ పోసింది. వేపమండలు పరిచి పక్కపక్కన పడుకోబెట్టారు. ఇద్దరినీ బతికిస్తే ఇద్దరి తలనీలాలూ ఇస్తానని అమ్మ గుట్ట మీది నర్సింహస్వామికి మొక్కుకుంది. కొన్నాళ్లకు నేను లేచి కూర్చున్నాను. అక్క లేవలేదు. మొక్కు మొక్కే కనుక నన్ను గుట్టకు తీసుకుపోయి గుండు చేయించారు.

నాకు ఏడుపు రాలేదు. అమ్మ ఏడుస్తుంటే అది ఎవరింట్లోనో వినపడుతున్నట్టు ఉండేది. తినమంటే తిన్నాను. రాట్నం తిప్పమంటే తిప్పాను. చెయ్యి తిరుగుతుండేది, నేను చూస్తుండేదాన్ని. దారం తెగినా అతకాలని తోచేది కాదు. అమ్మ వచ్చి అతికి పోయేది.

బడి తెరిచే రోజు బాపు అక్క రేకుపెట్టె తుడిచి నెత్తిన పెట్టుకున్నాడు. నా చెయ్యి పట్టుకొని బయలుదేరాడు. అమ్మ గడపలో నిలబడి "ఇదన్న సక్కగ తినని" అంది, అంతే. నార్కట్‌పల్లిలో బస్సు దిగి, నల్గొండ బస్సు కోసం నిలబడ్డప్పుడు బాపు నాకొక గోలీసోడా కొనిపెట్టి, పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"బిడ్డా, ఎవలు పేరడిగినా అక్క పేరే చెప్పాలె."

"మరి నా పేరు?"

"నీ పేరు ఇంట్ల ఉంటది. యాడికి పోతది?"

"వాళ్లు గుర్తుపడ్తరు బాపూ."

"గుండుకేం గుర్తుంటది? మీ ఇద్దరు ఒక్క తీర్గనే ఉంటరని ఊరంత అంటది గదా."

మా బాపు చీరలో ఒక్క పోగు పక్కకు జరిగినా దూరం నుంచే పట్టుకునే మనిషి. అంతటి మనిషి, ఒక పిల్ల జాగాలో ఇంకో పిల్లను పెడితే ఎవరికీ కనపడదని ఎట్లా అనుకున్నాడో! ఆయనకూ అప్పుడు కళ్లు సరిగా పని చేస్తున్నట్టు లేదు.

హాస్టలు చూసుకునే ఆమెను అందరూ అమ్మగారు అనేవారు. తెల్లచీర, కళ్లద్దాలు, పెళ్లి చేసుకోని మనిషి. సుద్దముక్క దాచుకొని లేదని చెప్పినా సాయంత్రందాకా నిలబెట్టేవారు. అబద్ధమంటే అంత పట్టింపు. వరండాలో కుర్చీలో కూర్చొని నన్ను కింది నుంచి పైదాకా చూశారు.

బాపు తువ్వాల నలుపుతూ, "తట్టు పోసిందమ్మగారు. మొక్కుండె, గుండు కొట్టించినం. జర చిక్కింది" అన్నాడు.

"ఎత్తు గూడ చిక్కిందా?" అన్నారామె.

అప్పటికే పిల్లలు చుట్టూ మూగారు. ఒక పిల్ల కిసుక్కుమని "గుండొక్కటైతే మనిషొక్కటైతదా!" అంది. ఇంకో పిల్ల, తర్వాత తెలిసింది మా అక్క పక్కనే పడుకునే స్నేహితురాలని, ముందుకొచ్చి నా ముఖంలోకి చూసి, "ఇది దాని చెల్లె. మరి అదేది?" అని అడిగింది.

బాపు తువ్వాల నోటికి అడ్డం పెట్టుకున్నాడు. నవ్విన పిల్ల కూడా నవ్వు ఆపింది. అమ్మగారు లేచి పిల్లలందరినీ లోపలికి పొమ్మన్నారు.

అమ్మగారు పైవాళ్లకు రాయవలసింది ఒక్క ముక్క. పిల్ల చనిపోయిందని రాస్తే అక్క దస్త్రం మూసేస్తారు. ఆ చోటు వరుసలో ముందున్న ఏ ఊరి పిల్లకో పోతుంది. మా ఇంటి వంతు మళ్లీ రావాలంటే ఏళ్లు పడుతుంది, అసలు వస్తుందో రాదో. బాపు కాళ్ల మీద పడబోయాడు. అమ్మగారు వెనక్కి జరిగి, "పెట్టె లోపల పెట్టు" అన్నారు. వరుసలో ముందున్న ఆ పిల్ల ఎవరో నాకు ఇప్పటికీ తెలియదు. ఆమె ఏమైందో కూడా తెలియదు.

మర్నాడు దొరసానులకు పంపే ఫోటోలు తీశారు. ఒక్కొక్కరూ తమ పేరు రాసిన పలక పట్టుకొని నిలబడాలి. నా పలక మీద అక్క పేరు అమ్మగారే రాశారు. రాసి చాలాసేపు చేతిలోనే పట్టుకున్నారు. తర్వాత నాకిచ్చారు. ఫోటో తీసే ఆయన "ఏయ్ గుండూ, జర నవ్వరాదు! దొరసాని బయపడ్తది" అన్నాడు. పళ్లు కనపడేట్టు నోరు తెరిచాను.

హాస్టల్లో రోజులు అట్లానే నడిచాయి. పొద్దున హాజరు పిలిస్తే అక్క పేరుకు పలికేదాన్ని. పాలపొడి కలిపిన పాలు, గోధుమరవ్వ ఉప్మా, బడి, పాటలు. అక్క చాప మీద పడుకునేదాన్ని. పిల్లలు ఎవరూ నన్ను బయటపెట్టలేదు. అమ్మగారు చెప్పారో, వాళ్లకే తెలిసిందో. కొన్నాళ్లకు నా పేరు ఎవరైనా పిలిచినా నేను తిరిగి చూసేదాన్ని కాదేమో, అంతగా అలవాటైంది.

వానలు పడుతున్న రోజుల్లో దొరసాని ఉత్తరం వచ్చింది. అమ్మగారు ఇంగ్లీషులో ఉన్నదాన్ని చూస్తూ తెలుగులో చదివేవారు. ఫోటోలో నీ గుండు చూసి భయపడ్డాను, జబ్బు చేసిందా, చలికి తల జాగ్రత్త అని రాసి, తన చేత్తో అల్లిన ఉన్ని టోపీ పంపింది. నల్గొండలో ఉన్ని టోపీ! పిల్లలు దాన్ని ఒకరి నెత్తి మీద ఒకరు పెట్టుకొని పొర్లి పొర్లి నవ్వారు. ఆ నవ్వుల మధ్య అమ్మగారు కింది వరుసలకు వచ్చి ఆగిపోయారు. పిల్లలను బయటికి పంపించి, గొంతు తగ్గించి చదివారు.

"మీ చెల్లెలు ఎట్లా ఉంది? ఉరిమితే ఇంకా మగ్గం గుంతలో దూరుతుందా? దారం తెంపి నీ మీద పెడుతుందా? అన్నంలో వెల్లుల్లి ఏరి నీ కంచంలో వేస్తుందా? దాన్ని తలచుకొని నేను ఒక్కదాన్నే నవ్వుకుంటూ ఉంటాను."

మా అక్క రాసిన ప్రతి ఉత్తరంలోనూ నేనే ఉన్నానట. అమ్మగారు అప్పుడు చెప్పారు. నన్ను మరిచిపోయిందనుకున్నాను కదా, ఆమె రెండేళ్లుగా ఇంకో దేశానికి నా గురించే చెప్తూ ఉంది.

జవాబు రాయమని అమ్మగారు కాగితం, పెన్సిలు ఇచ్చారు. నేను ముట్టుకోలేదు. ఒక్క మాట తప్పు రాస్తే అంతా బయటపడుతుంది. బయటపడితే నేను ఇంటికి, అమ్మగారు ఎక్కడికో. అది నాకు ఆ వయసులోనే తెలుసు.

"ఏం రాయాలె అమ్మగారు?"

"అడిగినదానికి రాయి. చెల్లె ఎట్లున్నదని అడిగింది."

"చెల్లెను నేనే గదా."

"ఔ. మరి నీకంటె బాగ ఎవరికి తెలుసు?"

రాశాను. మా చెల్లె మంచిగ ఉన్నది. దానికి తట్టు పోసి తక్కువైంది. ఇప్పుడు ఉరుముకు బయపడ్తలేదు. దారాలు తెంపుతలేదు. వెల్లుల్లిపాయ తింటున్నది. అది ఏడుస్తలేదు.

అక్కడితో ఆపాను. ఇంక రాయడానికి ఏమీ లేదు. అమ్మగారు చదివి, కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు.

"ఎందుకు ఏడుస్తలేదు?"

"తెల్వది."

"అక్కవు నువ్వే అయితివి. ఇగ ఎవ్వలి కోసమని ఏడుస్తవు?" అని తనలో తాను అనుకున్నట్టు అన్నారు. నా వైపు తిరిగి, "నీ పేరేంది?" అన్నారు.

అక్క పేరు చెప్పాను.

"అది రిజిస్టరుది. నీది చెప్పు."

నోరు తెరిస్తే వెంటనే రాలేదు. మూడు నెలలుగా పలకని మాట. చివరికి చెప్పాను. నా గొంతు నాకే కొత్తగా వినపడింది. అమ్మగారు ఆ పేరును ఒకసారి తిరిగి పలికారు, సరిగ్గా ఉందో లేదో చూసుకున్నట్టు.

"రేపటి సంది పాలు తాగంగనే నా దగ్గరికొచ్చి నీ పేరు ఒక్కపారి చెప్పిపో. నేను తప్పు చేసిన బిడ్డా. నీకు బువ్వ దొరకాలని చేసిన. నీ పేరు గూడ పోనిస్తె అది ఇంక పెద్ద తప్పైతది."

ఆ రోజు అమ్మగారి కొంగు పట్టుకొని ఏడ్చానని చెప్తే నీకు బాగుంటుంది. ఏడవలేదు. గ్లాసు కడుక్కోవడానికి పోయాను. కానీ మర్నాడు పొద్దున వెళ్లి నా పేరు చెప్పాను. ఆమె తల ఊపి, తన పని తాను చేసుకున్నారు. పదో తరగతి దాకా, సెలవులు పోను, ప్రతి పొద్దునా అంతే. చెప్పడం, తల ఊపడం. ఒకసారి జ్వరంతో ఆమె మంచం పట్టినా, కిటికీ దగ్గర నిలబడి చెప్పి వచ్చాను. లోపలి నుంచి దగ్గు వినపడింది. విన్నారనుకున్నాను.

అమ్మగారి దగ్గర నేర్చుకున్నది ఇప్పటికీ నాతో ఉంది. పొద్దున్నే చాయ్ పొయ్యి మీద పెట్టి, నా పేరు నేను ఒకసారి చెప్పుకుంటాను. వినేవాళ్లు ఎవరూ లేరు. అయినా చెప్పుకుంటాను. మీ తాత ఉన్నప్పుడు "ఎవలతోని మాట్లాడ్తున్నవ్?" అని కసిరేవాడు. "పాలతోని" అనేదాన్ని. మంచి మనసుతో చేసిన తప్పు కూడా తప్పేనని, దాన్ని చేసిన మనిషి రోజూ దాని బాగోగులు చూసుకోవాలని ఆమెను చూసి తెలుసుకున్నాను.

దొరసానికి నిజం ఎప్పుడూ రాయలేదు. చెల్లె ఎట్లున్నదని ఆమె అడుగుతూనే ఉంది, మంచిగున్నదని నేను రాస్తూనే ఉన్నాను. హాస్టలు విడిచిపోయే రోజు అమ్మగారు ఆమె చివరి ఉత్తరం చదివి వినిపించారు. దొరసాని ముసలిదైపోయింది, అక్షరాలు వంకర పోయాయి. నీ ఫోటో మొదటిసారి చేతికి వచ్చిన రోజు నుంచి ప్రతి ఉదయం మోకాళ్ల మీద కూర్చొని, నీ పేరు చెప్పి, నిన్ను బతికించమని దేవుణ్ణి అడుగుతున్నాను, ఒక్క రోజు కూడా తప్పలేదు అని రాసింది.

నేను వేళ్ల మీద ఏళ్లు వెనక్కి లెక్కపెట్టుకున్నాను.

"అమ్మగారు, మాకు తట్టు పోసిన ఎండకాలం గూడ అడిగి ఉంటదా?"

"అడిగే ఉంటది."

"అక్క పేరే చెప్పి?"

"అక్క పేరే."

బయట బాపు బస్సుకు టైమైతాందని పిలుస్తున్నాడు. అమ్మగారు ఉత్తరం మడత పెట్టి నా చేతిలో ఉంచారు. అప్పుడే నేను ఒక్క మాట అడిగాను. ఆమె నా రేకుపెట్టె తీసుకొని బయటికి నడిచి బాపుకు అందించారు. ఆమె పోయి కూడా చాలా ఏళ్లయింది. ఇక అడగడానికి ఎవరూ మిగల్లేదు.

"మరి నేనెట్ల మిగిల్న అమ్మగారు?"