ఎముకలు మూసుకునేలోపు

మా అమ్మాయికి పదకొండేళ్లు. బడి ఫొటోలో ఎప్పుడూ ముందు వరుసే. కిందటి వేసవిలో ఖమ్మంలో పిల్లల డాక్టరు రక్తం, చేతికి ఎక్స్‌రే తీయించి, ఎదుగుదల హార్మోను తక్కువగా ఉందన్నారు. రోజూ సూది వేయాలి. ఎముకల చివరలు మూసుకుపోతే ఇక ఏ మందూ పనిచేయదు, ఆలస్యం చేయకండి అన్నారు. మా ఆయన అక్కడికక్కడే సరేనన్నారు. నేను ఆలోచించుకుని చెబుతానన్నాను.

నేను బడిలో జీవశాస్త్రం చెబుతాను. అదే నా కొంప ముంచింది. ఇంటికొచ్చి ఫోను పట్టుకుని చదవడం మొదలుపెట్టాను. ఆ హార్మోను ఒంట్లో ఇంకో పదార్థాన్ని పెంచుతుందట, ఎముకను సాగదీసేది అదేనట. దానికి సంబంధించిన జన్యువులో చిన్న తేడా ఉండి, దాని జోరు తగ్గినవాళ్లు పొట్టిగా ఉన్నా ఎక్కువ కాలం బతుకుతారేమోనని కొందరు శాస్త్రవేత్తల అనుమానం. అనుమానమే, రుజువు కాదు. క్లాసులో అయితే ఆ తేడా గట్టిగా చెప్పేదాన్ని. నా బిడ్డ దగ్గరకొచ్చేసరికి మర్చిపోయాను.

ఎందుకంటే సాక్ష్యం మా ఇంట్లోనే ఉంది. ములకలపల్లి అవతల అడవి అంచున ఉండే అమ్మమ్మ నా భుజం దాకా కూడా రాదు. ఆమె వయసు ఆమెకే తెలియదు, ఇంకా తన పని తానే చేసుకుంటుంది. ఆమె కూతురు, అంటే మా అమ్మ, ఊళ్లో ఆడవాళ్లందరికన్నా పొడుగు. నాకు ఊహ తెలియకముందే పోయింది. జ్వరమొచ్చి పోయిందని మాత్రం చెప్పారు. సూది వేయిస్తే నా చేతులతో నేనే బిడ్డ ఆయుష్షు తగ్గిస్తానేమోనని నా భయం.

నెలలు గడిచాయి. మా ఆయన నాతో మాట్లాడటం తగ్గించేశారు. పిల్ల తలుపు చెక్కకు ఆనుకుని పెన్సిలుతో గీత గీసుకునేది. గీత మీదే గీత పడేది. అది చూసినప్పుడల్లా వెళ్లి చదువుకోమని కసిరేదాన్ని.

చివరికి పిల్లను వెంటబెట్టుకుని అమ్మమ్మ దగ్గరికి వెళ్లాను. నిజం చెప్పాలంటే, వద్దని ఆమె చేత అనిపించుకోవడానికే వెళ్లాను. వాకిట్లో ఇప్పపువ్వు ఆరబోస్తూ నేను చెప్పిందంతా వింది.

"మీ అమ్మ పొడుగుండి సచ్చిందని ఎవరు చెప్పిండ్రు నీకు?" అంది.

చేతిలోని పువ్వు కింద పోసి తనే మళ్లీ అంది.

"జ్వరమొచ్చి పడ్డది. అప్పుడు బీడీల తునికాకు కోత నడుస్తుండె. ఆకు అయినంక దవాఖానకు పోదాం, ఏం గాదు అని నేనే ఆపిన. కోత అయ్యేదాక అది బతకలె."

ఇన్నేళ్లూ ఆ మాట మా ఇంట్లో ఎవరూ అనలేదు. ఆమె నా వైపు చూడకుండా, చెట్టు కింద ఆడుకుంటున్న పిల్ల వైపు చూసింది.

"నువ్వు గూడ గట్లనే ఆపుతున్నవ్ బిడ్డా."

నాకు ఒళ్లు మండింది. రెండూ ఒకటి కాదని, ఇది జన్యువుల సంగతని వాదించాను. ఆమె వంగి పువ్వును పలచగా పరవసాగింది. బస్సెక్కాక ఏడుపు ఆగలేదు.

మర్నాడే ముగ్గురం ఖమ్మం వెళ్లాం. డాక్టరు కొత్త ఎక్స్‌రే చూస్తున్నంతసేపూ మా ఆయన చెయ్యి పట్టుకునే ఉన్నాను. ఇంకా మూసుకోలేదు, కానీ పోయినేడే మొదలుపెట్టాల్సింది అన్నారు. ఆయుష్షు మాట అడిగాను. ఆ సంగతి ఇప్పటికి ఎవరూ చెప్పలేరన్నారు.

మొదటి సూది నేనే వేస్తానన్నాను. భయమేమీ పోలేదు. పిల్ల చొక్కా చెయ్యి పైకి మడిచి కూర్చుంది. నేను సూది పట్టుకుని అలాగే ఉండిపోయాను.

"జల్దీ వెయ్యమ్మా," అంది.