వేరుగా ఉంటున్నామని రాయమన్నారు

ప్రింటింగ్ ప్రెస్సులో అందరూ ఆమెను కటింగక్క అనేవారు. పన్నెండేళ్లు కటింగ్ మిషన్ దగ్గర నిలబడి పుస్తకాల అంచులు కోసిన మనిషి. ఒక మధ్యాహ్నం ఆ మిషనే ఆమె కుడిచెయ్యి మణికట్టు దాకా తీసుకుపోయింది. ఏడ్చింది, మిషన్ని నోటికొచ్చినట్టు తిట్టింది, ఆనక ఎడమచేత్తో తినడం, రాయడం నేర్చుకుంది. వికలాంగుల పింఛను వచ్చింది. దాని మీద పన్ను లేదు.

నలభై రెండో ఏట, లిఫ్టులు బాగుచేసే మెకానిక్‌ని పెళ్లాడింది. అక్కడ మొదలైంది గొడవ. వాళ్లుండే దేశంలో భార్యాభర్తల ఆదాయం కలిపి లెక్కేస్తారట. మొగుడి జీతం కలిసి హద్దు దాటేసరికి పింఛను మీద కూడా పన్ను పడింది. పోయిన చెయ్యి పెళ్లితో మొలుచుకొచ్చిందా ఏమిటి?

పన్ను కాగితాలు నింపిపెట్టే గుమాస్తా గొంతు తగ్గించాడు. "ఒక దారుందమ్మా. ఏడాదంతా ఇద్దరూ వేరే వేరే ఇళ్లలో ఉన్నారని రాసెయ్యండి. ఎవరిది వాళ్లకే లెక్కేస్తారు. చాలామంది చేసే పనే."

మెకానిక్ మెత్తని మనిషి. "రాసేద్దాంలేవే. కాగితమ్మీద వేరైతే నిజంగా వేరైపోతామా? ఆ మిగిలిన దాంతో నీకు కొత్త చెయ్యి పెట్టిద్దాం."

కృత్రిమ చెయ్యి కోసం ఆమె రెండేళ్లుగా చూస్తోంది. ఆశ పుట్టలేదంటే అబద్ధం. పెన్ను తీసుకుంది.

సంతకం పెట్టబోతే కాగితం జారింది. మెకానిక్ అలవాటుగా ముందుకు వంగి, రెండు వేళ్లతో అదిమిపట్టాడు. ఇంట్లో ఆమె ఏం రాసినా అంతే.

ఆ వేళ్లు చూడగానే ఆమెకు ఒళ్లు మండిపోయింది.

"ఇతను నాతో ఉండటం లేదని నేను సంతకం పెట్టాలి. ఆ సంతకానికి కాగితం ఇతనే పట్టుకోవాలి. ఏమయ్యా, ఇంతకన్నా సిగ్గుమాలిన పని ఉంటుందా?"

"రూలు నేను పెట్టలేదమ్మా," గుమాస్తా నసిగాడు.

"పెట్టినవాళ్లెవరో చెప్పు. వాళ్లతోనే మాట్లాడతా."

అతను నింపిన కాగితం పక్కకు తోసి కొత్తది అడిగింది. కలిసి ఉన్నామన్న గడిలో గట్టిగా టిక్కు కొట్టి, కింద ఖాళీలో రాసింది: "ఏడాదిలో ఒక్కరోజు కూడా విడిగా లేము. పన్ను కడతాం. ఊరుకోం."

బయటికొచ్చాక మెకానిక్ అన్నాడు, "నీ కొత్త చెయ్యి మళ్లీ వెనక్కిపోయిందే."

"పోతే పోనీ. మొగుణ్ణి లేడని రాసి తెచ్చుకున్న చెయ్యి నాకెందుకు? పద, పై ఆఫీసు ఎక్కడుందో కనుక్కుందాం."