పిన్ని మోకాళ్లు

మా పిన్ని తాను విసిరిన డిస్కుకన్నా ముందే మైదానం అవతలికి చేరి, అది వచ్చేలోగా జడ కూడా అల్లుకునేది. నేను చూశాను. చదువు మధ్యలో వదిలేశాను గానీ కళ్లు వదిలేయలేదు.

పిన్ని ఆస్పత్రిలో ఎక్స్‌రేలు తీస్తుంది. బరువైన సీసపు ఆప్రాన్ తొడుక్కుని, రోజుకు నలభై మందిని బల్ల ఎక్కించి దించుతుంది. వయసు నలభై ఏడు. ఆదివారం పొద్దున మాత్రం ఫ్రిస్బీ. ప్లాస్టిక్ పళ్లెం లాంటి ఆ డిస్కు విసురుకోవడమే కదా అనేవాళ్లు ఒక్క పూట ఆడి చూడాలి. అవతలి గీత దాటాక డిస్కు పట్టుకుంటేనే పాయింటు. డిస్కు చేతిలో ఉన్నవాళ్లు కదలకూడదు. మిగతా ఆరుగురూ ఖాళీ చోటు కోసం ఉరకాలి, ఉన్నట్టుండి ఆగాలి, తిరిగి మళ్లీ ఉరకాలి. ఆ ఆగడమే మోకాళ్లను తినేస్తుంది.

పోయిన నెల తోటి ఉద్యోగినితో తన మోకాలికి ఎక్స్‌రే తీయించుకుని, ఫిల్ము లైటుకు పెట్టి చూసుకుంది.

"ఎవరో ముసలావిడదనుకున్నా," అంది బాబాయితో.

ఆయన నవ్వలేదు. "ఈ ఆదివారం ఆట మొత్తం కూర్చోకుండా ఆడు చూద్దాం. కూర్చున్నావో, ఇక మానేస్తావు."

"సరే."

ఆ రోజు జట్టుకు సరిగ్గా ఏడుగురే వచ్చారు, మార్చుకోవడానికి ఎవరూ లేరు. స్కోరు సమానమై, ఒక్క పాయింటు మిగిలింది. డిస్కు గీత అవతల జానెడు ఎత్తున పోతుంటే పిన్ని పొట్టమీద పడి పట్టేసింది. జట్టంతా గంతులేసింది. ఈ ఆటకు రిఫరీ ఉండడు, పట్టినవాళ్లే చెప్పాలి. వెనక ఉన్న ఎదుటి జట్టు అమ్మాయికి ఏమీ కనిపించలేదు.

"పట్టారా ఆంటీ?"

పిన్ని నోట్లోని గడ్డి ఊసేసింది. "ముందు నేలకి తగిలింది."

"లేదు లేదు," అన్నాను గట్టు మీంచి.

"నువ్వుండరా. పట్టింది నేనా, నువ్వా?"

నేలకి తగిలితే డిస్కు ఎదుటి జట్టుది. వాళ్లను ఆపడానికి పిన్ని లేచి, వచ్చిన దారంతా వెనక్కి ఉరకాలి. ఒక చేయి నేలకు ఆనించి అలాగే ఉండిపోయింది. గట్టు మీద నా పక్కనున్న బాబాయి లేచి నిలబడ్డాడు. కూర్చుంటుందనే అనుకున్నాం. లేచింది. అక్కణ్ణుంచి డెబ్భై మీటర్లూ ఒంటికాలి మీద చిరుతలా దూకింది.

ఇంటికొచ్చాక బాబాయి ఆమె మోకాలికి ఐసు కట్టాడు. బూట్ల మట్టి దులిపి, ఎండలో పెట్టాడు.

ఇదంతా రాసి, చదివి వినిపిస్తే పిన్ని అంది: "ఒంటికాలేం కాదు, రెండూ నొప్పే. దూకలేదు, కుంటుకుంటూ పోయా. నేను చేరేసరికే వాళ్లు పాయింటు కొట్టేశారు. కూర్చోలేదు, అంతే."