నాలుగు నంబర్లు, ఇరవై నాలుగు ఇళ్లు

బాటసింగారం సైదులు దిల్‌సుఖ్‌నగర్‌లో పద్నాలుగేళ్లు టీవీ రిమోట్లు బాగుచేశాడు. అతను రిమోట్‌ను చెవి దగ్గర పెట్టుకుంటే, లోపల ఏ బటన్ అలిగిందో అదే చెప్పేసేదని ఆ బజారులో ఇప్పటికీ అంటారు. ఆ పేరుతోనే ఎల్‌బీ నగర్‌లో ఒక అపార్ట్‌మెంట్‌లోని ఇరవై నాలుగు ఫ్లాట్లకు వైర్‌లెస్ స్విచ్చులు బిగించే పని దొరికింది. అది కుదిరితే మీర్‌పేట్‌లో అరవై ఫ్లాట్లు. అవి వస్తే సొంత బోర్డు పెట్టుకోవచ్చు.

కుదరలేదు. అసోసియేషన్ సెక్రటరీ భానుమూర్తిగారి గీజరు తనంతట తానే వెలుగుతోంది. ఆయన ఫ్రిజ్‌లోంచి తీసిన సీసా కూడా పొగలు కక్కుతోందని వాచ్‌మన్ ప్రచారం చేశాడు.

సైదులు స్విచ్చు మూడుసార్లు మార్చాడు. గీజరు దగ్గర స్విచ్చు సంకేతం అందుకునే రిసీవర్ మార్చాడు. తిట్లు మాత్రం మారలేదు. చివరికి పెన్‌డ్రైవంత రేడియో డాంగిల్ ఒకటి తెప్పించి, వీడియోలు చూసి వాడకం నేర్చుకున్నాడు. ల్యాప్‌టాప్‌కు గుచ్చితే గాలిలో తిరిగే సంకేతాలు తెరమీద గీతలుగా పడతాయి. వాటిలోంచి కోడ్ నంబరు చదవొచ్చు.

భానుమూర్తిగారి హాల్లో కూర్చుని చూస్తుండగా గీత పడింది. 27. గీజరు వెలిగింది. తెరిచిన తలుపులోంచి చూస్తే, సరిగ్గా అప్పుడే ఎదురింటి ఇందిరాదేవిగారు ఫ్యాన్ వేసుకున్నారు. ఆవిడ కోడూ 27.

సైదులు తల పట్టుకున్నాడు. ఒక్కో ఇంటికి రెండంకెల కోడ్ పెట్టాలి. బిగించేటప్పుడు, ఆ అంకెలు కూడితే తొమ్మిది రావాలని అందరూ పట్టుబట్టారు. ఎనిమిది శనిది, నాలుగు రాహువుది, సున్నా అసలే వద్దన్నారు. మిగిలినవి 27, 36, 63, 72. ఇరవై నాలుగు ఇళ్లకూ ఆ నాలుగే సర్దాడు. మధ్యలో గోడలున్నాయి కదా అని తనూ ఊరుకున్నాడు. రేడియోకు గోడలు అడ్డమా?

ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పాడు. "తొమ్మిది రాకున్నా సరే, మీ ఇద్దర్ల ఒక్కరు నంబరు మార్చుకుంటే అయిపోతది సార్."

"ఆవిడ మార్చుకుంటారు," అన్నారు భానుమూర్తిగారు.

"అదేంటి అన్నయ్యగారూ, ఈ నంబరు పెట్టాకే మా అలేఖ్యకు సంబంధం కుదిరింది," అన్నారు ఇందిరాదేవిగారు.

"కుదిరిపోయింది కదమ్మా, ఇంకా దాంతో పనేముంది?"

"పెళ్లి కావద్దూ?"

చెప్పకుండా మార్చేస్తే పోలేదా అనుకుని సైదులు గీజరు స్విచ్చు విప్పాడు. భానుమూర్తిగారు కుర్చీ లాక్కుని ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నారు.

"ఇందులో ఇరవై ఏడు అని పడితేనే ఒప్పుకుంటాను. నువ్వేం చేస్తావో నాకు తెలీదనుకోకు."

"గట్లైతే గీజరు ఆగది సార్. ఎట్ల ఆగుతది?"

భానుమూర్తిగారు అతని ముందే మీర్‌పేట్ బిల్డర్‌కు ఫోన్ చేశారు. "కుర్రాడు తెలివైనవాడేనండీ, తప్పెక్కడుందో ఇట్టే పట్టాడు. సరిచెయ్యడమే రాదు. వేరేవాళ్లని చూసుకోండి."

సైదులు డాంగిల్ పీకి జేబులో వేసుకుని, లిఫ్టు కోసం ఆగకుండా మెట్లు దిగిపోయాడు.