ఐదిళ్ల మాధుకరం

మా మాస్టారు పోయారు. బుధవారం పొద్దున్నే పాలు కాస్తుంటే బందరు ఆసుపత్రి నుంచి మా తమ్ముడు ఫోన్ చేశాడు. "అక్కా, మాస్టారు..." అని ఆగిపోయాడు. స్టవ్ కట్టేసి అక్కడే కూర్చుండిపోయాను. ఏడుపు రాలేదు, భయం వేసింది. ఆ భయం ఎందుకో మీకు చెప్పుకోవాలనే ఇది రాస్తున్నాను.

పదో తరగతిలో ఆయన నాకు తెలుగు చెప్పారు. రిటైరై, భార్య కూడా పోయాక సన్యాసం పుచ్చుకున్నారు. ఏ మఠానికీ వెళ్లలేదు. గూడూరు దగ్గర మా ఊళ్లోనే, కాలవగట్టు మీద పాత సత్రం గదిలో ఉండేవారు. ఊరంతా స్వామివారు అనేవారు. నాకు మాత్రం మాస్టారే.

మధ్యాహ్నం ఒక్కపూటే భోజనం. అదీ మాధుకరం. మా వీధిలో వరసగా ఐదిళ్లు, ఇంటికో పిడికెడు. మూడిళ్లలో సరిపోతే మిగతా రెండు గుమ్మాలు ఎక్కరు. మాది ఐదో ఇల్లు.

"మాధుకరమంటే అడుక్కోవడమే కదండీ మాస్టారూ?" అని మొదట్లో అడిగేశాను. పాఠం చెప్పినట్టే చెప్పారు. "మధుకరమంటే తుమ్మెదమ్మా. అది వాలి లేచాక కూడా పువ్వు పువ్వులాగే ఉండాలి. మీ ఇంట్లో ఒక్కరికైనా అన్నం తక్కువైతే నేను చేసింది మాధుకరం కాదు. మా నాన్నగారు కూడా ఇలా ఇంటింటా తినే చదువుకున్నారు. ఆ రోజుల్లో ఈ మాటంటే ఎవరూ సిగ్గుపడేవారు కాదు."

అందరూ పెట్టినదంతా ఒక్క గిన్నెలో కలిపేసుకుని తినేవారు. "మా పులుసులో మీ పాయసం కలిపేశారట. ఇంక ఎవరి వంట బాగుందని చెప్పుకుంటాం వదినగారూ!" అని నాలుగో ఇంటి వదిన నవ్వేది.

గుమ్మంలో నిలబడి "నారాయణ" అని ఒక్కసారే అనేవారు. ఆవు పాలు పితికేంత సేపు చూసేవారు. ఎవరూ రాకపోతే వెళ్లిపోయేవారు. మళ్లీ పిలవరు, తలుపు కొట్టరు. అందుకని పన్నెండవుతుంటే నా చెవి గుమ్మం వైపే ఉండేది. ఆ వేళకి మిక్సీ వేసేదాన్ని కాదు, టీవీ పెట్టనిచ్చేదాన్ని కాదు. ఒకసారి నేను స్నానానికి వెళ్లినప్పుడు వచ్చి వెళ్లిపోయారు. ఆ రోజు నాకు ముద్ద దిగలేదు.

ఈమధ్య వాయుగుండం పట్టి వాన వదలకుండా కురిసింది. మొదటిరోజు మాస్టారు మా ఇంటికి రాలేదు. ముందు ఇళ్లలోనే సరిపోయిందనుకున్నాను. వానలో అంతవరకూ నడవకుండా ఉండటమే మంచిదనిపించింది కూడా. రెండో రోజూ రాలేదు. పక్కింటికి వెళ్లి అడుగుదామనుకుని ఆగిపోయాను. "మీ ఇంటికే రావాలా ఏంటి?" అంటుందేమోనని మొహమాటం.

మూడో రోజు నాలుగో ఇంటి వదిన గొడుగేసుకుని బయటికొచ్చింది.

"స్వామివారికి అంతగా ఏం వండి పెడుతున్నారండీ? మా గుమ్మమే మర్చిపోయారు!"

"మాకూ రాలేదు వదినగారూ. మీ దగ్గర సరిపోతోందేమో అనుకుంటున్నా."

ఆవిడ నవ్వు ఆగిపోయింది. "రాలేదా? ఎన్నాళ్లయింది?"

ఇద్దరం మిగతా ఇళ్లకి పరుగెత్తాం. మొదటి ఇంట్లో, "జల్లు కొడుతోందని తలుపులేసుకున్నాం. వినబడలేదేమో, అవతలికి వెళ్లుంటారనుకున్నాం" అన్నారు. రెండో ఇంట్లో, మూడో ఇంట్లో కూడా అదే మాట. పక్కవాళ్లు పెట్టి ఉంటారని ఐదిళ్లవాళ్లమూ అనుకున్నాం.

మోకాలి లోతు నీళ్లలో సత్రం దాకా ఎలా నడిచానో తెలియదు. నారాయణా, ఆయన పలకాలి, పలికితే చాలు అనుకుంటూ నడిచాను. మాస్టారు చాప మీద పడి ఉన్నారు. ఒళ్లు కాలిపోతోంది. పెదాలు పగిలిపోయాయి. పిలిస్తే కళ్లు మాత్రం కదిలాయి.

తమ్ముడు ఆటోలో బందరు తీసుకెళ్లాడు. డాక్టరుగారు చూసి, "ఊపిరితిత్తులకి బాగా పట్టేసింది. కాస్త ముందే తెచ్చుంటే..." అని, మాట పూర్తి చేయకుండా పక్క మంచం దగ్గరికి వెళ్లిపోయారు.

ఆసుపత్రిలో నాలుగో రోజు మాస్టారికి తెలివొచ్చింది. "తప్పు నాదేనండీ. అడిగి ఉంటే తెలిసేది, అడగలేదు" అన్నాను.

ఆగి ఆగి చెప్పారు. "నీకు పాఠం సగమే చెప్పానమ్మా. ఎవరికీ బరువు కాకూడదని ఐదిళ్లు పెట్టుకున్నాను. ఎవరికీ బరువు కానివాడు ఎవరి బాధ్యతా కాడని నాకూ తోచలేదు." తర్వాత నా మొహం చూసి, "భయపడుతున్నావా?" అన్నారు.

"అవునండీ. పాపం తగులుతుందేమోనని."

"ఆ సంగతి నాకు తెలియదు. ఈసారి మాత్రం పక్కింటి తలుపు కొట్టు."

మళ్లీ రెండు రోజులకే పోయారు. సన్యాసికి దహనం ఉండదు కనుక సత్రం వెనకే, కూర్చోబెట్టి ఉప్పు పోసి సమాధి చేశారు. దండం పెట్టుకుంటున్నా డాక్టరుగారు సగంలో ఆపిన మాటే చెవిలో వినబడింది. ఇప్పటికీ వినబడుతూనే ఉంది.

నిన్న నాలుగో ఇంటి తలుపు పదకొండైనా తెరుచుకోలేదు. ఇదివరకైతే వదిన గుడివాడ వెళ్లిందేమో అనుకుని ఊరుకునేదాన్ని. వెళ్లి కొట్టాను. పలకలేదు. కిటికీలోంచి పిలిచాను. మళ్లీ కొట్టాను. అరచేత్తో బాదడం మొదలుపెట్టాను.

గడియ తీసిన చప్పుడైంది. వదిన తలంటుకున్న జుట్టుకి తువ్వాలు చుట్టుకుంటూ, "ఏంటి వదినగారూ, తలుపు విరగ్గొట్టేస్తారా!" అంది.

ఆవిడ నా మొహంలోకి చూసి, ఇంకా గాలిలోనే ఉన్న నా చేతిని తడి చేతులతో పట్టుకుంది.