ఫోటోలో బొక్క మంచిగనే ఉంది

ఆ ఆదివారం నాచారంలో తను పనిచేసే కంపెనీ పక్క మైదానంలో వాలీబాల్ ఆడుతూ, బంతి కోసం ఎగరబోయిన మా ఆయన మడమ పట్టుకుని కూలబడ్డాడు. వెనక నుంచి తన్నాడనుకుని, తిరిగి చూడకుండానే మా ఆడపడుచు భర్త మీద అరిచాడు. "ఎందుకు తన్నినవ్ బావా?"

ఆ బావ వలకు అవతల ఉన్నాడు. మా ఆయన వెనక ఎవరూ లేరు. గట్టు మీద కూర్చున్న నాకు 'టప్'మన్న చప్పుడు మాత్రం వినబడింది.

మావాళ్లు దెబ్బ తగిలితే ముందు డాక్టర్ దగ్గరికి పోరు, ఫోటో తీయిస్తారు. ఉప్పల్‌లో ఎక్స్‌రే తీసినాయన, "ఫ్రాక్చర్ లేదు, డాక్టర్‌కు సూపియ్యున్రి" అన్నాడు. వీళ్లకు సగమే వినబడింది.

"బొక్క ఇరగలే. నరం పట్టింది, మాలిష్ జేస్తే పోతది" అని బావ తేల్చేశాడు. రోజూ వేడి నూనెతో తనే రుద్దేవాడు. నేను డాక్టర్ మాట ఎత్తితే చాలు, మా ఆయన ఎక్స్‌రే కవర్ నా ముందు పడేసి "గిండ్ల ఏముందో సూడు" అనేవాడు. నాకు ఒళ్లు మండేది.

వాపు తగ్గింది. నా భయం మాత్రం పెరిగింది. నడుస్తున్నాడు గానీ ఆ కాలు నేలను నెట్టడం లేదు, ఈడ్చుకుంటూ వస్తోంది. అటక మీది డబ్బా కోసం మునివేళ్ల మీద లేవబోయి గోడ మీద పడ్డాడు. ఆయనది నిచ్చెనలెక్కి క్రేన్లు రిపేర్ చేసే పని. ఆ కాలితోనే డ్యూటీకి బయల్దేరితే గుమ్మానికి అడ్డం నిలబడ్డాను.

"దవాఖానకు వస్తవా, నన్ను తొక్కి పోతవా?"

ఎముకల డాక్టర్ అదే ఎక్స్‌రేను వెలుతురుకు పెట్టి, ఎముకను వదిలేసి దాని వెనక చూశారు.

"పిక్కను మడమకు కట్టి ఉంచే నరం, టెండన్ అంటరు, అది ఎక్స్‌రేల సక్కగ కనబడదమ్మా. దాని ముందున్న కొవ్వు నల్లటి ముక్కోణం లెక్క కనబడాలె. ఇక్కడ మసకబారింది. నరం తెగిందని అనుమానం. తెగినంక మాలిష్ చేసుకుంట నడిస్తే కొసలు ఇంకా దూరం జరుగుతయి."

మాతో వచ్చిన బావ తన చేతులు చూసుకున్నాడు.

మా ఆయనను పాదాలు అంచు దాటేలా బల్ల మీద బోర్లా పడుకోబెట్టారు. మంచి కాలి పిక్క పిండితే పాదం చటుక్కున కదిలింది. రెండో పిక్క పిండారు. మళ్లీ గట్టిగా పిండారు. పాదం అట్లాగే వేలాడుతోంది.

బోర్లా ఉన్న మనిషికి తన పాదం కనబడదు. "ఏమే, కదిలిందా?" అని హుషారుగా అడిగాడు.

డాక్టర్ నా వైపు చూశారు. నాకు ఏడుపు ముంచుకొచ్చింది.

"కదల్లేదయ్యా" అన్నాను.